అమెరికా చిల్లర నాణెములు – వానిపై స్మారక ముద్రలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ద్రవ్యమునకు డాలరు మూలము. డాలరునందు నూఱవ వంతు సెంటు. ఆ సెంటునే యచ్చటి జనులు వాడుకలో పెన్నీ యందురు. అయిదు సెంట్ల నాణెమునకు నికెలనియు, పది సెంట్ల నాణెమునకు డైమనియు పేర్లు. ఈ మూడును ఆ దేశపు చిల్లర. వీనియం దొక వింత గలదు. డైము విలువలో నికెలునకు రెట్టింపయ్యు, పరిమాణమున మూడింటిలోను చిన్నది. పూర్వము డైమును వెండితో చేయుచుండిరి. వెండి వెల యధికము గావున కొలదిపాటి లోహమే చాలుచుండెను. 1965 మొదలు వెండిని మానివేసిరి గాని కొలతను మార్పలేదు. నికెలు పేరును అట్టి వింతయే. అందు నికెలు లోహము నాలుగవ వంతు మాత్రమే యుండును; తక్కిన మూడు వంతులును రాగియే.

ఆ దేశము స్వాతంత్ర్యమును ప్రకటించినది 1776 జులై 4వ తేదీని. ఆ దినమునకు 250 సంవత్సరములు నిండు సందర్భమున 2026 సంవత్సరపు నాణెములకు క్రొత్త ముద్రలు నిర్ణయింపబడినవి. నిత్యము చేతులు మాఱు చిల్లరపై స్మారక ముద్ర వేయుట ఆ దేశమునకు క్రొత్త గాదు. నూఱు సంవత్సరములకు పైబడిన యాచారము. ఆ యాచారమెట్లు పుట్టినదో, ఎట్లు నడచినదో, అందెవరిని తలంచుకొనిరో, ఎవరిని మఱచిరో యీ వ్యాసమున వివరింప నెంచితిని. మన తెలుగు కుటుంబములు పెక్కు ఆ దేశమున స్థిరపడియున్నవి. సెలవులకు వచ్చు బంధువుల జేబులనుండి యీ నాణెములు మన విద్యార్థుల చేతికి వచ్చుచునేయున్నవి. పిల్లలు వానిని డబ్బాలో వేసి మూతపెట్టుదురు గాని బొమ్మ బొరుసులు త్రిప్పి చూచువారు తక్కువ.

స్మారక నాణెములు రెండు విధములు. వెండితోను బంగారముతోను చేసి, ముఖవిలువకంటె మిక్కిలి హెచ్చు వెలకు సేకరణకర్తల కమ్మునవి కొన్ని. అవి పెట్టెలో పట్టుగుడ్డపై పరుండి యుండును. అంగడి మొగ మెఱుగవు. రెండవ విధమువి చెలామణి నాణెములే. వానిపై నొక యేడాదికో, నాలుగేండ్లకో, ఒక్కొక్కప్పుడు శాశ్వతముగనో బొమ్మ మార్తురు. కూలివాడును, పాఠశాలకు పోవు పిల్లవాడును అడుగకుండనే వానిని చూచును. నా మట్టుకు రెండవ విధమే మేలనిపించును. కావున మొదటివానిని విడిచిపెట్టుచున్నాను.

ఆ దేశపు మొదటి నాణెముల చట్టము 1792లో పుట్టినది. నాణెములపై దేశాధ్యక్షుని తల నచ్చువేయవలెనని సెనేటు సభవారు తలపెట్టగా, ప్రతినిధుల సభవారు సమ్మతింపరైరి. తలలు ముద్రించుట రాజుల పద్ధతి యనియు, రాజును వదిలించుకొన్న ప్రజల కది తగదనియు వారి యభిప్రాయము. చట్టమునందు స్వేచ్ఛకు చిహ్నమైన రూపమే యుండవలెనని వ్రాసిరి. అందువలన నూఱేండ్లకు పైగా అమెరికా చిల్లరపై చాలవఱకు స్వేచ్ఛాదేవి యను కల్పిత స్త్రీమూర్తియే యుండెను. 1859 నుండి 1909 వఱకు చెల్లిన సెంటుపైని తల సయితము ఈకల కిరీటము ధరించిన స్వేచ్ఛాదేవిదే గాని, జనులు దానిని ఇండియను తల సెంటనిరి.

కాగితపు ధనము విషయమున నొక చిత్రమైన సంగతి జరిగినది. అంతర్యుద్ధకాలమున చిల్లర కఱవై, అయిదు సెంట్లకు సయితము కాగితపు నోట్లచ్చొత్తిరి. స్పెన్సరు క్లార్కను నుద్యోగి నోట్ల ముద్రణము చూచువాడు. అతడు అయిదు సెంట్ల నోటుపై తన మొగమునే వేయించుకొనెను! కాంగ్రెసు సభ్యులు మండిపడి, బ్రదికియున్న మనుష్యుని బొమ్మను నోట్లపై వేయరాదని 1866లో శాసనము చేసిరి. లోహపు టయిదు సెంట్ల నికెలు పుట్టినదియు ఆ యేడే.

మఱియొక చట్టము 1890 నాటిది. ఒక నాణెపు ముద్రను వాడుకలోనికి దెచ్చిన పిమ్మట 25 సంవత్సరములు గడువకముందు టంకసాలవారు తమంతట మార్పరాదు. అంతకుముందే మార్పవలెనన్న కాంగ్రెసు సభ ప్రత్యేకముగ చట్టము చేయవలెను. ఈ నియమమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. క్రింద జెప్పబోవు మార్పులలో కొన్ని 25 ఏండ్లు నిండగనే జరుగుటకును, కొన్నిటికి శాసనసభలో వాదములు జరుగుటకును ఇదియే కారణము.

మొదటి పెద్ద మార్పు 1909లో వచ్చినది. అబ్రహాము లింకను 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రమున నొక దుంగల గుడిసెలో జన్మించెను. ఆయన శతజయంతి సమీపించుచుండగా థియొడోరు రూజ్వెల్టు అధ్యక్షుడుగా నుండెను. తమ దేశపు నాణెములు కళావిహీనములని యాయనకు చాలకాలముగా నసంతృప్తి. విక్టరు డేవిడ్ బ్రెన్నరను శిల్పి పనామా కాలువ పతకమునకై యాయన రూపును చెక్కుచుండి, తాను 1907లో చేసిన లింకను ఫలకమును చూపగా, అది రూజ్వెల్టునకు నచ్చెను. ఈ బ్రెన్నరు లిథువేనియాలో యూదుల కుటుంబమున పుట్టి, తండ్రివద్ద లోహముపై చెక్కుడుపని నేర్చి, 1890లో బీదవాడుగా న్యూయార్కు చేరిన వలసవాడు. దాస్యమును తొలగించిన యధ్యక్షుని రూపము ఇట్టివాని చేతిమీదుగా ప్రతి యింటికిని చేరుట తగియున్నది.

1909 ఆగస్టు 2న సెంటు వెలువడెను. ఒక సెంటునకు వార్తాపత్రిక దొరకు దినము లవి. క్రొత్త సెంట్లకై న్యూయార్కులో జనులు గుంపులు గట్టిరి. నిజముగా జీవించిన మనుష్యుడు, అందును అధ్యక్షుడు, ఆ దేశపు నిత్య వ్యవహార నాణెముపై కనబడుట అదియే మొదలు. బొరుసువైపున రెండు గోధుమ వెన్నులు మాత్రము అంచు వెంబడి వంగియుండెను. ఆ నిరాడంబరత్వము నేటికిని కన్నుల కింపు గొల్పును. కాని యడుగున శిల్పి పేరులోని మూడు మొదటి యక్షరములును స్పష్టముగ కనబడుచుండెను. ప్రజల నాణెముపై శిల్పి తన పేరు చాటుకొనుట యేమని పత్రికలు గోలచేసెను. కోశాధికారి మూడు దినములలో నా యక్షరములను తీసివేయించెను. అప్పటికే శాన్‌ఫ్రాన్సిస్కో టంకసాలలో ఆ యక్షరములతో 4,84,000 సెంట్లు పడియుండెను. నేడు వానిలో నొకటి దొరకినవాని యదృష్ట మింతింతగాదు. 1918లో నా యక్షరములను మరల వేసిరి గాని, లింకను భుజముక్రింద, భూతద్దము లేనిదే కనబడనంత సూక్ష్మముగ వేసిరి. అప్పు డెవరును గోలచేయలేదు.

దేవునియందు విశ్వాసమును తెలుపు వాక్యము సెంటుపై చేరినదియు 1909లోనే. దాని చరిత్ర యిది: 1861లో, అంతర్యుద్ధ మారంభమైనప్పుడు, పెన్సిల్వేనియాకు చెందిన వాట్కిన్సను అను బోధకుడు కోశాధికారికి జాబు వ్రాసి, దేవుని నామము నాణెములపై నుండవలెనని కోరెను. 1864లో రెండు సెంట్ల నాణెముపై నా వాక్యము మొదట పడినది. ఆ రెండు సెంట్ల నాణెము 1873లో నిలిచిపోయినది గాని వాక్యము నిలిచినది. రూజ్వెల్టు మాత్రము చేతులు మాఱు ధనముపై పవిత్రనామము తగదని తలంచి 1907లో బంగారు నాణెములపై దానిని విడిచిపెట్టించెను. మఱుసటి యేడే కాంగ్రెసు సభ మరల చేర్పించెను. ఇరుపక్షములవారును భక్తితోనే వాదించుట యిందలి విశేషము.

1943లో యుద్ధమునకు రాగి కావలసివచ్చి, ఆ యొక్క యేడు సెంటును తుత్తునాగపు పూతగల యుక్కుతో చేసిరి. అది తెల్లగా నుండుటచే డైమని మోసపోవువారును, త్రుప్పుపట్టుటచే విసుగుకొనువారును హెచ్చిరి. తరువాత తుపాకి గుండ్ల తొడుగులను కరగించిన లోహమును కొంతకాలము వాడిరి.

లింకను నూటయేబదవ జయంతికి, అనగా 1959లో, గోధుమ వెన్నులను దీసివేసి, వాషింగ్టను నగరమునందలి లింకను స్మారకమందిరమును బొరుసువైపున నిలిపిరి. ఫ్రాంకు గస్పారో దీని శిల్పి. విద్యార్థులకు ఇందొక పరీక్ష గలదు. 1959 మొదలు 2008 వఱకుగల సెంటును దీసికొని, మందిరపు నడిమి స్తంభముల నడుమ భూతద్దముతో చూడుడు. లోపల కూర్చున్న లింకను విగ్రహము కనబడును. ఒకే మనుష్యుడు బొమ్మవైపునను బొరుసువైపునను గల నాణెము అరుదు. 1982లో రాగి వెల హెచ్చి, సెంటును లోపల తుత్తునాగముతోను పైన రాగి పూతతోను చేయ నారంభించిరి. అంతవఱకు 3.11 గ్రాములుగల సెంటు 2.5 గ్రాములకు తగ్గినది.

ఇక నికెలు సంగతి. ఇది జెఫర్సనుది. స్వాతంత్ర్య ప్రకటనను వ్రాసిన యాయనయే ఆ దేశపు ద్రవ్యమును పదింతల లెక్కలో నుంచవలెనని 1784లో వాదించినవాడు. ఇంగ్లీషువారి పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగునకు 12 పెన్నీలు. ఆ లెక్క వర్తకులకును బాలురకును గూడ తలనొప్పియని యాయన గ్రహించెను. మన రూపాయకు 16 అణాలు, అణాకు 12 పైలు నున్నకాలమున లెక్కలు జేసిన పెద్దల నడిగిన నా తలనొప్పి యెట్టిదో చెప్పుదురు. మన దేశమున 1957 ఏప్రిల్ 1 మొదలు వచ్చిన నూఱు పైసల లెక్క అమెరికాలో 1792లోనే యేర్పడినది. కావున జెఫర్సను బొమ్మ చిల్లర నాణెముపై నుండుటకు ఆయనకంటె హెచ్చు హక్కుగలవాడు లేడు.

1913లో శిల్పి ఫ్రేజరు చేసిన నికెలుపై ఒకవైపు ఇండియను వీరుని తలయు, రెండవవైపు బైసనను నడవిదున్నయు నుండెను. 25 ఏండ్లు నిండగనే 1938లో దానిని మార్పదలచి పోటీ పెట్టిరి. సుమారు 390 నమూనాలు వచ్చెను. జర్మనీనుండి వలసవచ్చిన ఫెలిక్సు ష్లాగు 1000 డాలర్ల బహుమానము పొందెను. జెఫర్సను స్వయముగ రూపొందించుకొన్న మాంటిసెల్లో గృహమును ఆయన ప్రక్కనుండి చూచినట్లు గీసియుండగా, అధికారులు ముందుభాగమే సూటిగా కనబడవలెనని మార్పించిరి. చిత్రము కొంత చప్పబడినదని నా యభిప్రాయము. బ్రెన్నరు మూడక్షరములకై జరిగిన గోల తలంచుకొనియో యేమో, ష్లాగు పేరులోని యక్షరములు 1966 వఱకు నికెలుపైకి రానేలేదు.

ఈ మాంటిసెల్లో 65 ఏండ్లు కదలలేదు. అటుతరువాత ద్విశతవార్షికము వచ్చినది. 1803లో జెఫర్సను అధ్యక్షుడుగా నుండి, నెపోలియను ప్రభుత్వమునుండి లూసియానాయను విశాల ప్రదేశమును 1 కోటి 50 లక్షల డాలర్లకు కొనెను. దానితో దేశవైశాల్యము సుమారు రెట్టింపయ్యెను. ఆ ప్రదేశమును, దాని యావల నున్న సముద్రమార్గమును కనుగొనుటకై లూయీసు, క్లార్కు అను నిద్దఱు సైనికోద్యోగులను పంపెను. వారు 1804 మే నెలలో బయలుదేఱి, నదులపై పడవలు నెట్టుకొనుచు, పర్వతములు దాటి, 1805 నవంబరులో పసిఫిక్ మహాసముద్రమును జేరి, 1806 సెప్టెంబరులో మరలివచ్చిరి. షొషోనీ తెగకు చెందిన సకాజవియా యను యువతి చంటిబిడ్డను వీపున గట్టుకొని వారితో నడచి భాషాంతరీకరణము చేసెను. క్లార్కు దాసుడగు యార్కును ఆ శ్రమలన్నిటిలో పాలుగొనెను.

ఈ ప్రయాణమును నికెలుపై స్మరింపవలెనని తలపెట్టగా వర్జీనియా ప్రతినిధు లడ్డుపడిరి. తమ రాష్ట్రపు గృహమును తీసివేసి మరల పెట్టకపోదురేమోయని వారి భయము. చివరకు 2003లో చట్టము చేసి, 2006నాటికి మాంటిసెల్లో తప్పక తిరిగిరావలెనని యందు వ్రాసికొనిరి! నాణెముల ముద్రల విషయమున ప్రజలపక్షమున సలహా చెప్పుటకొక సంఘమును ఆ చట్టముతోనే యేర్పఱచిరి. ఆ సంఘము ప్రసక్తి క్రింద మరల వచ్చును.

2004లో రెండు బొరుసులు, 2005లో రెండు బొరుసులు వెలువడెను. మొదటిది కరచాలనము. లూయీసు క్లార్కులు తాము కలిసికొన్న తెగల నాయకుల కిచ్చిన శాంతిపతకముపై గల చిత్రమే యిది. రెండు చేతులు కలిసియుండును. ఒకదాని మణికట్టున పూసలతోడి కడియమును, రెండవదానికి సైనికుని యంగీ బొత్తాములును గలవు. పైన చిన్న గొడ్డలియు, పొగాకు గొట్టమును ఒకదానిపై నొకటి యడ్డముగా నుండును. రెండవది వారి పడవ. మూడవది యడవిదున్న. నాల్గవది పసిఫిక్ తీరము. ఈ నాల్గవదానిపై క్లార్కు సముద్రమును చూచి తన దినచర్యలో నానందముతో వ్రాసికొన్న మాటలు గలవు. ఆ మహనీయునికి అక్షరక్రమము పట్టువడలేదు; సముద్రమను మాటనే తప్పు వ్రాసికొనెను. టంకసాలవారు దానిని దిద్ది ముద్రించిరి. బడిపంతులుగా నేను దిద్దుబాటును మెచ్చవలసినవాడనే గాని, ఆ తప్పు నట్లేయుంచిన బాగుండెడిదని తోచుచున్నది.

ఈ నాలుగింటిలో మొదటిదియు మూడవదియు మనలను కొంత నిలిపివేయును. కరచాలనము జరిగిన మాట నిజము. కాని ఆ పతకమును మెడలో వేసికొన్న నాయకుల సంతతివారు ఆ శతాబ్దము ముగియకముందే తమ భూములలో పెక్కింటిని గోల్పోయి, ప్రభుత్వము హద్దులు గీసిన చిన్న ప్రదేశములలో నివసింపవలసివచ్చెను. వారికి జీవనాధారమైన యడవిదున్నలు కోట్లకొలది యుండినవి వేటచే 1880వ దశకము చివరకు వందలకు దిగెను. దున్నను నాణెముపై నిలిపినవారు ఈ సంగతి నెఱుగక నిలుపలేదు. నాణెము వెడల్పు 21 మిల్లీమీటర్లు. అంత చోటున నొక చిత్రము పట్టును గాని దాని తరువాయి కథ పట్టదు. దానిని చెప్పుట బడులవంతు. స్వేచ్ఛయను మాట 2005 నాటి నికెలుపై జెఫర్సను స్వహస్తలిపిలోనే కలదు. అదే జెఫర్సను జీవితకాలమున ఆఱువందలకు పైగా దాసులకు యజమానియై యుండెను. మాంటిసెల్లో గృహమును కట్టుటలోను, దాని పొలములను సాగుచేయుటలోను వారి చెమటయే హెచ్చు. ఈ రెండును నిజములే. రెండింటిని కలిపి బోధించుట కష్టమని యెఱుగుదును. ఒకదానిని మాత్రమే బోధించుట సులభము.

2006లో మాటప్రకారము మాంటిసెల్లో తిరిగివచ్చినది. బొమ్మవైపున మాత్రము జెఫర్సను ప్రక్కమొగము పోయి, 1800లో రెంబ్రాంట్ పీలు చిత్రించిన పటము ననుసరించి, ఎదుటనున్న మనవైపు సూటిగా చూచు మొగము వచ్చెను. అంతవఱకు చెలామణి నాణెములపై అధ్యక్షు లందఱును ప్రక్కకే చూచుచుండిరి.

డైమును గూర్చి కొలదిగా జెప్పెదను. ఫ్రాంక్లిను రూజ్వెల్టు 39వ యేట పోలియో వ్యాధిచే కాళ్లు చచ్చుపడినవాడు. ఆ రోగమును జయించుటకై 1938లో నేర్పడిన సంస్థకు డైము వంతున పంపుడని ప్రజలకు విజ్ఞప్తి జేయగా, తపాలాలో అధ్యక్షభవనమునకు డైములు వెల్లువగా వచ్చెను. అందుచే నాయన 1945 ఏప్రిల్ 12న మరణింపగా, స్మారకమునకు వేఱు నాణెము నెన్నవలసిన పని లేకపోయెను. 1946 జనవరి 30న, ఆయన జన్మదినమున, ఆయన ముఖముతో డైము వెలువడెను. ఆ చిల్లరతో పోషింపబడిన పరిశోధనలనుండియే 1955లో సాల్కుగారి టీకా వచ్చినది. చిల్లర నాణెముపై నున్న మొగమునకును ఆ నాణెము చేసిన పనికిని ఇంత దగ్గఱి సంబంధము మఱెక్కడను లేదు.

లింకను ద్విశతజయంతి 2009లో వచ్చినది. 2005లో చేసిన చట్టము ననుసరించి ఆ యొక్క సంవత్సరమున సెంటునకు నాలుగు బొరుసులు వేసిరి. మొదటిది కెంటకీలోని దుంగల గుడిసె. రెండవది ఇండియానాలో గడిపిన బాల్యము: దుంగలు చీల్చు పని నడుమ నాపి, దుంగపైనే కూర్చుండి పుస్తకము చదువుకొనుచున్న పిల్లవాడు. మూడవది ఇల్లినాయి రాష్ట్ర శాసనభవనమునెదుట నిలిచిన న్యాయవాది. నాల్గవదానిపై మనుష్యుడే లేడు. గుమ్మటము సగము కట్టి నిలిచిన కాపిటలు భవనము మాత్రమే యున్నది. 1861లో లింకను ప్రమాణస్వీకారము చేయునాటికి ఆ గుమ్మట మట్లే యుండెను. యుద్ధము జరుగుచుండగనే దానిని కట్టించిరి. 1863 డిసెంబరున దానిపై విగ్రహము నిలిచెను. నాలుగింటిలో నిదియే గొప్పదని నేననుకొందును. పని ముగియకుండ పోయినవాని జ్ఞాపకమునకు పూర్తికాని కట్టడమే తగును. విద్యార్థులు మాత్రము పుస్తకముగల సెంటును కోరుకొందురని నాకు తెలియును, కోరుకొనవలసినదే.

ఈ సెంట్లను ఆయన నివసించిన ప్రదేశములలోనే వరుసగా విడుదలచేసిరి. మొదటిది ఆయన జన్మదినమున హాడ్జిన్‌విల్లు గ్రామమున వెలువడెను. కాని ఆ యేడు దేశమున నార్థికమాంద్యము ప్రబలియుండెను. వర్తకము తగ్గిన చిల్లర యవసరము తగ్గును. జనులు జాడీలలో దాచిన సెంట్లను బ్యాంకులకు తెచ్చి మార్చుకొందురు. 2008లో 540 కోట్లకు పైగా సెంట్లు పడగా, 2009లో నాలుగు రకములును కలిపి సుమారు 235 కోట్లే పడినవి. అందువలన స్మారక సెంటు పుట్టిన యేడే పెక్కు ప్రాంతములవారికి కనబడలేదు. 2010 మొదలు ఐకమత్యమును సూచించు డాలును బొరుసువైపున నిలిపిరి. దానిపై 13 నిలువు చారలు తొలి 13 రాష్ట్రములకు గుర్తు. పైనున్న లాటిను వాక్యమునకు, పెక్కింటినుండి యొకటి యని యర్థము. ఆ వాక్యపు టక్షరములను లెక్కించిన నవియు 13 అగును.

ఇంతలో సెంటునకే కాలము తీరినది. 2024 ఆర్థిక సంవత్సరమున నొక సెంటును చేయుటకు 3.69 సెంట్లు వ్యయమయ్యెను. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంపు సెంట్ల తయారీని నిలుపుమని యాజ్ఞాపించెను. 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకసాలలో చెలామణికై చివరి సెంట్లు పడినవి. ఆ నగరముననే 1793లో మొదటి సెంటు పడియుండెను. పాత సెంట్లు చెల్లకుండ పోలేదు. మన దేశమున 2011 జూను 30 మొదలు పావలాయు దానికి లోబడిన పైసలును చెల్లవని ప్రకటించిరి; అక్కడ నట్లు గాక, ఉన్న సెంట్లు ఉన్నంతకాలము చెల్లును. కాని సెంట్లు తఱిగినకొలది లెక్కలు అయిదు సెంట్లకు సర్దవలసివచ్చి, నికెళ్ల యక్కఱ హెచ్చును. ఆ నికెలునకో, అదే లెక్కప్రకారము, 13.78 సెంట్లు వ్యయము. ఒక నష్టమును దాటి వేఱొక నష్టములో కాలుబెట్టుట యగునాయని యచ్చటి లెక్కల పండితులు వాదించుకొనుచున్నారు.

ఇక 250వ వార్షికపు నాణెములు. 1976లో, 200వ వార్షికమునకు, పావు డాలరునకును పై నాణెములకును మాత్రమే స్మారక ముద్రలు వేసి, సెంటు, నికెలు, డైములను తాకలేదు. ఈసారి 2020లో కాంగ్రెసు చేసిన చట్టము చిల్లరకును చోటిచ్చినది. నికెలుపై జెఫర్సను ముఖమును మాంటిసెల్లోయు నట్లేయుండి, 1776, 2026 అను రెండు సంవత్సరములును చేరినవి. మార్పు స్వల్పమే యైనను, ఆ ప్రకటనను వ్రాసినవాని ముఖముప్రక్కనే 1776 ఉండుట యుచితము. డైముపై రూజ్వెల్టును ఆ యేటికి తొలగించి, గాలికి జుట్టు చెదరిన స్వేచ్ఛామూర్తిని, బొరుసువైపున బాణములు గోళ్లబట్టిన గ్రద్దను నిలిపిరి. 1792 నాటివారు కోరిన స్త్రీమూర్తియే తిరిగివచ్చినదన్నమాట.

పావు డాలరులకు అయిదు బొరుసులు ప్రకటించిరి. 2003లో నేర్పడినదని పైన జెప్పిన సలహాసంఘమువారు దాస్యనిర్మూలనమును, స్త్రీల వోటుహక్కును, నల్లజాతి బాలబాలికలు తెల్లవారి బడులలో నడుగుపెట్టుటకై జరిగిన పౌరహక్కుల యుద్యమమును చూపు ముద్రలను సూచించియుండగా, తుదకు నిర్ణయింపబడినవానిలో నవి కానరాలేదు. మేఫ్లవరు యాత్రికులు, స్వాతంత్ర్యయుద్ధము, ప్రకటన, రాజ్యాంగము, గెటిస్‌బర్గు – ఇవి మాత్రము నిలిచినవి. వీనిలో నే యొక్కటియు అనర్హమని చెప్పజాలము. కాని పుస్తకముల సంచితో బడిమెట్లెక్కిన చిన్నబాలిక చిత్రము పావు డాలరుపై వచ్చియుండినయెడల, ఆ దేశపు బడిపిల్లలు దానిని ఎట్లు త్రిప్పి త్రిప్పి చూచియుందురో ఊహించుకొనవచ్చును.

సెంటునకును ఈ వార్షికమున రెండు సంవత్సరముల ముద్ర కలదు. అయితే ఆ సెంట్లను సేకరణకర్తల కమ్ము పెట్టెలకై మాత్రమే చేయ నిర్ణయించిరి. లింకను ముఖముతో 1776, 2026 అను నంకెలు గల యా సెంటును ఎవరును అంగడిలో చిల్లరగా పొందజాలరు.